తీసేసిన పాస్‌వర్డ్

మూడోసారి కూడా పాస్‌వర్డ్ తప్పని చూపించింది ల్యాప్‌టాప్.

"పోనీలే వర్షితా," అన్నాడు నవీన్. అతను వర్షిత పెదనాన్న కొడుకు. ఆ ల్యాప్‌టాప్ పట్టుకుని సెలవులకు బెంగళూరు నుంచి మదనపల్లె వచ్చాడు.

ఏడో తరగతి చదివే వర్షితకు పోనివ్వాలని లేదు. అది 2009. వాళ్ళ వీధిలో వైర్‌లెస్ నెట్ ఉన్న ఇల్లు వాళ్ళదొక్కటే. పాస్‌వర్డేమో నాన్న డైరీలో ఉంది. డైరీ నాన్నతో పాటు అంగళ్లు అనే ఊరికి వెళ్ళింది. నాన్న శివకుమార్ అక్కడి ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరర్.

నాన్న రూటర్ పెట్టిన రోజు వర్షిత పక్కనే కూర్చుని అంతా చూసింది. ఇంట్లో కంప్యూటర్‌లో ఆ సెట్టింగ్స్ పేజీ తెరిచి, పాస్‌వర్డ్ అక్కర్లేదు అన్న చోట క్లిక్ చేసింది. నవీన్ ల్యాప్‌టాప్‌కు వెంటనే నెట్ వచ్చింది. సాయంత్రం దాకా ఆటలాడుకున్నారు.

నవీన్ ఊరికి వెళ్ళిపోయాడు. పాస్‌వర్డ్ మళ్ళీ పెట్టాలన్న సంగతి వర్షిత మరిచిపోయింది.

మూడు వారాల తర్వాత, ఒక ఆదివారం పొద్దున నాన్న కంప్యూటర్ ముందు నుంచి విసుగ్గా లేచాడు.

"ఈ నెల నెట్ అప్పుడే అయిపోయింది. ఎవరో మన వైర్‌లెస్ వాడతాండారు. స్నానం చేసొచ్చి చూస్తా."

పాస్‌వర్డ్ తీసేసిన సంగతి వర్షితకు అప్పుడు గుర్తొచ్చింది. బాత్‌రూమ్‌లో నీళ్ళ చప్పుడు వినపడగానే డైరీ తీసి, పాత పాస్‌వర్డే మళ్ళీ పెట్టేసింది.

నాన్న వచ్చి చూశాడు. పాస్‌వర్డ్ పెట్టింది పెట్టినట్టే ఉంది. తర్వాత, ఈమధ్య రూటర్‌కు కలిసిన కంప్యూటర్ల జాబితా తెరిచాడు. అందులో తెలియని పేర్లు నాలుగైదు ఉన్నాయి. ఒక్క పేరు మాత్రం తెలిసిందే. రూప.

రూప మేడమీది గదిలో అద్దెకు ఉంటోంది. ఊరు కుప్పం. నాన్న కాలేజీలోనే చదువుతోంది. సాయంత్రాలు వర్షితకు లెక్కలు చెబుతుంది. నాన్న ఆమెను కిందికి పిలిచాడు.

"నా డైరీ చూసినావా రూపా?"

"లేదు సార్."

"మరి పాస్‌వర్డ్ యాడిది?"

"నన్ను పాస్‌వర్డే అడగలేదు సార్. ల్యాప్‌టాప్ తెరిస్తే అదే కలిసింది. అందరికీ పెట్టినారేమో అనుకున్నా."

"పాస్‌వర్డ్ ఉండాది. ఇప్పుడే చూసినా. అబద్ధం యాల చెప్తాండావు? బయటోళ్ళకి గూడా ఇచ్చినట్టుండావే."

రూప తలుపు వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వర్షిత తలుపు తెర వెనక నిలబడి అంతా వింది. బయటికి రాలేదు.

రెండు రోజులకు కుప్పం నుంచి రూప వాళ్ళ నాన్న మునిస్వామి వచ్చాడు. ఆయన గ్రానైట్ క్వారీలో పని చేస్తాడు. పరుపు చుట్టి, పుస్తకాలు మూటగట్టి ఆటోలో పెట్టాడు.

"మా బిడ్డ అట్లా చేసేది కాదు సార్," అన్నాడు నెమ్మదిగా. "మాట పడినాక ఈడ ఉండలేదు. పుంగనూరులో మా చెల్లెలింట్లో ఉంటాది."

పుంగనూరు నుంచి అంగళ్లు కాలేజీకి రోజూ రెండు బస్సులు మారాలి.

ఆ వారమంతా వర్షితకు లెక్కల నోట్‌బుక్ తెరిస్తే రూపక్క పెట్టిన టిక్కులు కనిపించేవి. శనివారం మధ్యాహ్నం నాన్న దగ్గరికి వెళ్ళి, నిలబడే అంతా చెప్పేసింది.

కోప్పడతాడనుకుంది. నాన్న రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

"నేను ఆ పిల్ల మాట వినలేదు," అన్నాడు.

మరుసటి రోజు ఇద్దరూ పుంగనూరు వెళ్ళారు. రూప వాళ్ళ అత్త చాప పరిచింది. వర్షిత కూర్చోలేదు.

"పాస్‌వర్డ్ తీసింది నేనక్కా. నాన్న చూసేలోపల మళ్ళీ పెట్టింది కూడా నేనే."

"తప్పు నాది రూపా. మళ్ళీ మా ఇంటికే రామ్మా," అన్నాడు నాన్న.

రూప తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్. ఈడే ఉంటా." తర్వాత వర్షిత వైపు తిరిగింది. "ఆ పొద్దు తెర కింద నీ కాళ్ళు కనిపించినాయి. ఒక్క మాట చెప్తావేమో అని చూసినా."

వర్షిత ఏడ్చింది. రూప ఆమెను కసరలేదు. దగ్గరికీ తీసుకోలేదు.

కాసేపటికి వర్షిత కళ్ళు తుడుచుకుంది. "మునిస్వామి మామకు కూడా చెప్పాలి. ఫోన్ కలిపిస్తావా అక్కా?"

రూప నంబరు నొక్కి ఫోన్ ఆమె చేతికిచ్చింది.

"మామా, నేను మదనపల్లె వర్షితను. రూపక్క ఏ తప్పూ చేయలేదు. పాస్‌వర్డ్ తీసేసింది నేను. భయపడి దాచిపెట్టినా."



"మీ నాయన చెప్పమన్నాడా పాపా?"

"లేదు మామా," అంది వర్షిత. "నేనే చెప్తాండాను."