దీపశ్రీకి బదులుగా

తెల్లచొక్కాలు తొడుక్కుని, టైలు కట్టుకుని ఇద్దరు కుర్రాళ్ళు నరసరావుపేట వీధుల్లో జంటగా పోతుంటే జనం మెడికల్ రెప్పులనుకునేవాళ్ళు. దగ్గరికొచ్చి జేబు మీది నల్లపలక చదివినవాళ్ళకి ఇంకా అయోమయం. వాళ్ళలో అభిషేక్ పలక మీద ‘ఎల్డర్ కొల్లాబత్తుల’ అని ఉండేది. ఎల్డర్ అంటే పెద్ద. మీసం ఇంకా సరిగా రాని పెద్ద.

అతనిది గోదావరి జిల్లాలో కడియం. తల్లి నర్సరీల్లో మొక్కలకు అంట్లు కడుతుంది. వాళ్ళు మోర్మన్ సంఘం వాళ్ళు. ఆ సంఘంలో వయసొచ్చిన కుర్రాళ్ళు చదువు ఆపి, ఇల్లు వదిలి, రెండేళ్ళపాటు పంపిన ఊళ్ళో సువార్త చెప్పాలి. ఎప్పుడూ ఇద్దరేసి ఉండాలి. ఒకరి కంటి ముందు నుంచి ఇంకొకరు కదలకూడదు. అభిషేక్‌కి జతగా వచ్చింది సెల్వన్, కోయంబత్తూరు వాడు. తెలుగు కూడబలుక్కుని మాట్లాడతాడు.

అభిషేక్ ఇల్లు వదిలి ఏడాదిన్నర అయింది. ఇంతవరకు ఒక్క మనిషికీ బాప్తిస్మం ఇవ్వలేదు. హిందువులు మర్యాదగా తలుపేసేవాళ్ళు. తురకల వీధిలో మంచినీళ్ళిచ్చి పంపేసేవాళ్ళు. అందరికంటే కటువుగా మాట్లాడేది ఊళ్ళోని క్రైస్తవులే. “మీ బైబిలు వేరే అంట గదా, మా గడప తొక్కమాకండి” అనేవాళ్ళు. మొదట్లో అతనికి ఏడుపొచ్చేది. తర్వాత కోపమొచ్చేది. ఇప్పుడు తలుపు మూసుకునే చప్పుడు వింటే ఏమీ అనిపించడం లేదు. అదే అతన్ని భయపెడుతోంది.

ఆ మంగళవారం, వాన వెలిసిన సాయంత్రం, కోమట్ల బజారులో ఒక పాత పెంకుటింటి తలుపు కొట్టారు.

“ఎవరు?” అంది లోపలి నుంచి ఆడగొంతు.

“సంఘం నుంచి వచ్చామండి.”

“పేరు జెప్పు.”

అభిషేక్ చెప్పాడు. గడియ వెంటనే తియ్యలేదు. “ఇంకో మాట మాట్టాడు” అందామె. ఏం మాట్లాడాలో తెలియక, “వాన తగ్గిందండి” అన్నాడు. అప్పుడు తలుపు తెరుచుకుంది.

ఆమె సుందరమ్మ. భర్త పోయాక కిరాణా కొట్టు మూసేసి ఆ ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. టీ పెడతానంటే, తాము టీ కాఫీలు తాగమన్నారు. మజ్జిగ ఇచ్చింది. ఎవరూ వినని మాటలు ఆమె విన్నది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా. గోడ మీద ఒక ఆడపిల్ల ఫొటో, దానికి దండ.

“మా దీపశ్రీ. పోయినేడు సాగర్ కాలవలో పడి పోయింది” అంది.

అభిషేక్‌కి జాలి కలిగింది. ఓదార్చాలనిపించింది. కుటుంబాలు చావుతో విడిపోవని తమ సంఘం నమ్ముతుందన్నాడు. చనిపోయినవాళ్ళకి కూడా దారి ఉందన్నాడు. వాళ్ళ పేరు మీద, వాళ్ళకి బదులుగా, బతికున్నవాళ్ళు నీళ్ళలో మునుగుతారని చెప్పాడు.

సుందరమ్మ చేతులు ఒళ్ళోంచి లేచాయి.

“బదులుగానా?” అంది.

*

బుధవారం ఆమె రమ్మంటేనే వెళ్ళారు. దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. సుందరమ్మ కొవ్వొత్తి వెలిగించి, తలుపు గడియ ఒకసారి లాగి చూసి, వచ్చి కూచుంది. మాట్లాడమన్నట్టు చెయ్యి ఊపింది గాని ఆమె చెవులు అతని మాటల మీద లేవు.

ముందు వాసన వచ్చింది. కాలవ గట్టున, నీళ్ళు దిగిపోయిన చోట వచ్చే పాచి వాసన. తర్వాత తలుపు మీద చప్పుడు. మెల్లగా. మనిషి నిలబడి కొట్టే ఎత్తులో.

సెల్వన్ లేచాడు. సుందరమ్మ అతని మణికట్టు పట్టుకుని కిందికి లాగింది.

“అమ్మా” అంది బయట నుంచి ఎవరో.

ఆ గొంతులో ఏడుపు లేదు. స్కూలు నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్ల, తిడతారేమోనని జంకుతూ పిలిచినట్టుంది. మళ్ళీ చప్పుడు. ఈసారి కొంచెం కింద. ఇంకా కింద. కొట్టేవాళ్ళు అలిసిపోయి, తలుపుకి ఆనుకుని, కూలబడుతున్నట్టు... చివరికి గడప దగ్గర, గోళ్ళతో గీకినట్టు... ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. 

“రోజూ వస్తది” అంది సుందరమ్మ, పాలవాడి సంగతి చెప్పినట్టు. “అస్థికలు అమరావతి తీసకపోయి కృష్ణలో కలిపా. పిండాలు పెట్టించా. దర్గా కాడ తాయెత్తు కట్టించి తెచ్చా. పోవట్లా. నువ్వు మునుగుతావా, అబ్బాయా?”

“అది నేను చెయ్యకూడదండి. మా సంఘం దేవాలయంలో చెయ్యాలి, సొంత కుటుంబం వాళ్ళకే. ఆడపిల్లకైతే ఆడవాళ్ళే మునగాలి. అసలు మన దేశంలో అలాంటి దేవాలయం ఇంకా తెరవలేదు.”

“నువ్వు మునుగు. ఆదివారం నాకియ్యి బాప్తిస్మం. మీ సంఘంలోకి వస్తా.”

అభిషేక్ కాదనలేదు. అవుననీ అనలేదు. గదికి పోతూ దారి పొడుగునా సెల్వన్ ఒకటే మాట: “వద్దు, ఎల్డర్. ఆ ఇల్లు వద్దు.” అభిషేక్ మాత్రం తెల్లబట్టల్లో సుందరమ్మని చూస్తున్నాడు. సంఘం వాళ్ళందరూ తన భుజం తట్టడం చూస్తున్నాడు. ఏడాదిన్నరగా మూసుకున్న తలుపులన్నిటికీ ఒక్క మనిషి జవాబు.

*

గురువారం తెల్లారేసరికి సెల్వన్‌కి జ్వరం. డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఆ రోజూ శుక్రవారమూ అభిషేక్ గదిలోనే ఉండి గంజి కాచాడు, తడిగుడ్డ వేశాడు. సుందరమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది; రెండోసారి, శనివారం కాలవ దగ్గరికి వస్తానన్నాడు. శనివారం సాయంత్రం సెల్వన్ మందు మత్తులో నిద్రపోయాడు. అభిషేక్ తలుపు దగ్గరగా వేసి ఒక్కడే బయటికొచ్చాడు. ఇన్ని నెలల్లో ఒంటరిగా అడుగు వెయ్యడం అదే మొదటిసారి. వీధిలో పక్కన ఎవరూ లేకపోతే ఒక పక్క చలేసినట్టుంది.

సుందరమ్మ బజారు చివర ఆటోలో కూచుని ఉంది. ఆమె ఇంటి ఎదురుగా మోటార్ సైకిళ్ళు బాగుచేసే మీరా సాహెబ్, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఆటో దగ్గరికొచ్చాడు.

“ఎక్కడికి, బాబూ, ఈమెతో?” అన్నాడు.

“ఇక్కడికేనండి. కాలవ దాకా.”

మీరా సాహెబ్ సుందరమ్మని చూశాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది. అతను ఇంకేదో అనబోయేలోపల ఆటో కదిలింది.

ఊరికి పడమట, పత్తి చేల మధ్య కాలవ నిండుగా పారుతోంది. ఆటోని రోడ్డు మీదే ఆపించి ఇద్దరూ గట్టు వెంట నడిచారు. పొద్దు కుంకింది. చేలమీద మందు కొట్టిన వాసన. కొంగలు కూడా వెళ్ళిపోయాయి. మెట్లున్న చోట సుందరమ్మ ఆగింది.

“ఇక్కడే తేలింది” అంది.

అభిషేక్ బూట్లు విప్పాడు. ఇది నిజం బాప్తిస్మం కాదని మనసుకి చెప్పుకున్నాడు. ప్రార్థన మాటలేవీ పలకను. పేరు చెప్పి ఒక్క మునక. ఒక తల్లి మనసు కుదుటపడితే చాలు. అలా అనుకున్నాడు గాని, మెట్లు దిగుతుంటే అతని తలలో ఉన్నది ఆ తల్లి కాదు. రేపటి ఆదివారం.

నీళ్ళు నడుం దాకా వచ్చాయి. చల్లగా ఉన్నాయి.

“పేరు గట్టిగా జెప్పు” అంది సుందరమ్మ పై నుంచి.

“దీపశ్రీ” అన్నాడు.

“బదులుగా అను.”

“దీపశ్రీకి బదులుగా...”

మునిగాడు.

చెవుల్లో నీళ్ళ హోరు. ఆ హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. పారే కాలవ ఆగినట్టు. కళ్ళు తెరిచాడు. ఏమీ కనపడలేదు... అంతా బురద చీకటి. లేవబోయాడు. అప్పుడు అతని కుడిచేతిలోకి ఇంకో చెయ్యి వచ్చింది.

లాగలేదు. ముంచలేదు. రోడ్డు దాటేటప్పుడు పిల్లలు పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది. వేళ్ళ సందుల్లో వేళ్ళు పెట్టి. నమ్మకంగా.

అతను విదిలించాడు. అరిచాడు. నోట్లోకి నీళ్ళు... పాచి రుచి... కాలు జారింది. మెట్టు అంచు దొరికింది. పైకి వచ్చి, మోకాళ్ళ మీద పాకి, గట్టున పడ్డాడు. చేతిలో ఏమీ లేదు. వేళ్ళు మాత్రం ముడుచుకోవడం లేదు. మధ్యలో ఏదో ఉన్నట్టు ఎడంగానే ఉన్నాయి.

“అమ్మా... సుందరమ్మగారూ...”

ఆమె అప్పటికే దూరంగా పోతోంది. గట్టు వెంట, కొంగు బిగించి, వడివడిగా. కాటి నుంచి ఇంటికి పోయేవాళ్ళు నడిచినట్టు నడుస్తోంది, వెనక్కి తిరగకుండా. అతను మళ్ళీ పిలిచాడు. ఆమె నడక పరుగయింది. రోడ్డు మీద ఆటో స్టార్టయిన చప్పుడు వినపడింది.

అభిషేక్ తడిబట్టలతో ఊళ్ళోకి నడిచి వచ్చాడు. పక్కన ఎవరో నడుస్తున్నట్టు, వచ్చేటప్పుడు ఒక పక్క వేసిన ఆ చలి ఇప్పుడు లేదు.

*

ఆదివారం సంఘం కూడే అద్దె హాల్లో అతను గుమ్మం వైపే చూస్తూ కూచున్నాడు. సుందరమ్మ రాలేదు. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. సెల్వన్‌కి జ్వరం దిగింది గాని గది కదల్లేదు. మధ్యాహ్నం ఎండలో అభిషేక్ కోమట్ల బజారుకి వెళ్ళాడు. కోపంగా ఉంది. ఆమె మాట ఇచ్చింది. తను ఒట్టు తప్పి, నియమం తప్పి ఆ నీళ్ళలో దిగాడు.

తలుపు కొట్టాడు. లోపల అడుగుల చప్పుడయింది, ఆగింది.

“నేనండి, అభిషేక్‌ని. ఇవాళ వస్తానన్నారు కదండి.”

 మళ్ళీ కొట్టాడు. లోపల ఆమె తలుపుకి చాలా దగ్గరగా నిలబడి ఉందని ఊపిరి చప్పుడుని బట్టి తెలుస్తోంది.

“ఒక్కసారి తలుపు తియ్యండి.”

“నీకీ ఇంట్లో చోటు లేదు” అంది సుందరమ్మ. గొంతు వణకలేదు. “ఎల్లిపో, తల్లీ. నిన్ను తీసుకునేవాళ్ళు దొరికారు గదా. వాళ్ళెంట పో.”

“అమ్మా, నేను...”

“నీ గొంతు నాకు తెలవదా?”

రెండో గడియ కూడా పడింది.

ఎదురుగా కొట్టు ముందు మీరా సాహెబ్ నిలబడి ఉన్నాడు. అభిషేక్‌ని చెయ్యి పట్టి కొట్టు నీడలోకి తీసుకెళ్ళి స్టూలు మీద కూచోబెట్టాడు. 

“ఆ పిల్ల మా కొట్లో పనిచేసే రఫీక్‌ని ఇష్టపడింది, బాబూ. వాడితో మాచర్ల దాకా పోయింది. వాడు అక్కడ బస్టాండులో దిగబెట్టి పరారయ్యాడు. ఈ పిల్ల ఒక్కతే తిరిగొచ్చింది, వానలో. పొద్దుగూకింది మొదలు తలుపు కొడతానే ఉంది. ముందు నిలబడి. తర్వాత కూచోని.” అతను నేల చూపులు చూశాడు. “ఇప్పుడు నీతో అన్నదే, ఆమె ఆ రోజు గూడా అంది. ఈ ఇంట్లో చోటు లేదు, తీసకపోయినోడెంట పో అని. మేమందరం విన్నాం. బజారంతా విన్నది. మా ఇంటికి పిలుచుకుందామంది మా ఆడది. గొడవలవుతాయని నేనే వద్దన్నా. తెల్లారి కాలవలో తేలింది.”

“మీరు నాకు ముందే చెప్పాల్సింది” అన్నాడు అభిషేక్.

“చెప్పాల్సింది” అన్నాడు మీరా సాహెబ్. తర్వాత తలెత్తి, మెల్లగా, “నీకు జలుబు చేసి గొంతు మారిందా, బాబూ?” అని అడిగాడు.

ఆ సాయంత్రం దీపాల వేళకి కోమట్ల బజారులో ఏ చప్పుడూ వినపడలేదని, సుందరమ్మ ఇంటి తలుపులు బార్లా తెరిచి గడపకి పసుపు రాసిందని తర్వాత చెప్పుకున్నారు.

*

సోమవారం మిషనరీలకి సెలవు. బట్టలు ఉతుక్కుంటారు, ఇంటికి ఫోన్ చేసుకుంటారు. అభిషేక్ తెల్లారకముందే లేచి కూచున్నాడు. సెల్వన్ తన మంచాన్ని గోడవారకి లాక్కుని, అటు తిరిగి పడుకున్నాడు. కారణం అడిగితే దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

అభిషేక్‌కి తల్లి గొంతు వినాలనిపించింది. అంతా చెప్పేద్దామనుకున్నాడు. నియమం తప్పానని, ఇంటికి వచ్చేస్తానని, ఎవరేమనుకున్నా సరేనని. నర్సరీ పనికి పోకముందే దొరుకుతుందని పొద్దున్నే ఫోన్ చేశాడు.

“హలో” అంది తల్లి. వెనకాల మొక్కలకి నీళ్ళు కొడుతున్న మోటారు చప్పుడు.

“అమ్మా” అన్నాడు.

అవతల మోటారు ఆపేశారు. తల్లి ఫోను చెవికి దగ్గరగా పెట్టుకున్నట్టుంది.

“అమ్మా, నేనే. ఇంటికి వచ్చేస్తానమ్మా.”

“ఎవరమ్మా నువ్వు?” అంది తల్లి. ఆ గొంతులో జాలి ఉంది. “ఎవరింటి పిల్లవి? ఎందుకలా ఏడుస్తున్నావ్? ఏడవకు తల్లీ... ఒకసారి ఫోను మా అబ్బాయికియ్యి.”

అభిషేక్ ఏడవడం లేదు.