తడి ఆరని గీత

నంది చెవి ఊడి ఇసుకలో పడింది.

నాగార్జున ఉలి ఆపి కూతురి వైపు చూశాడు. నంద్యాలలో ఒక గుడికి ఇవ్వాల్సిన నంది అది. చెవి మొదట్లో రాయికి సన్నని పగులుంది.

"చెక్కకముందే నీళ్లు పోసి చూడమంటి గదమ్మా. పగులుంటే ఆడ తడి ఆరదని చెప్తి."

"చూసినా నాయనా. రాయి మీద నుంచి కన్ను తీయలే," అంది అంబిక.

"కన్ను తెరిచే నిద్రపోయింటావ్లే," అని ఆమె అన్న అభిషేక్ నవ్వాడు.

నాయన తిట్టలేదు. "ఇంగ నేనే చూసుకుంటాలే," అన్నాడు.

ఆ మాటే అంబికకు గుచ్చుకుంది. రాళ్లు చూసే పని ఆమెకు అప్పగించి నెలైనా కాలేదు. తను అబద్ధం చెప్పిందనుకున్నాడేమో!

నిజంగానే ఆమె చూసింది. నాయన రాయి మీద ఎర్ర రంగుతో నందిని గీసి ఉంచాడు. మెడలో గంటలు, మూపురం మీద పూలు. ఎంత బాగున్నాయో అనుకుంటూ వాటినే చూసింది.

మరుసటి రోజు బడిలో శ్రీవాణి టీచర్ బోర్డు నిండా మాటలు రాసింది. "పసుపు రంగువి మాత్రం చదవండి," అంది. పిల్లలు చదివారు. టీచర్ బోర్డు తుడిచేసింది.

"తెల్లవి ఏమున్నాయి?"

ఎవరూ చెప్పలేకపోయారు.

"కళ్ళు అన్నిటినీ మెదడుకు పంపుతాయి. అక్కడ చిన్న చిన్న కణాలుంటాయి. మనం గమనించేదాన్ని చూపే కణాలు గట్టిగా పలుకుతాయి. మిగతావి గొంతు తగ్గిస్తాయి," అంది టీచర్.

అంబిక లేచి నిలబడింది. "అయితే చూసినా కనపడలేదంటే అబద్ధం కాదు గదా టీచర్?"

"కాదు. కానీ దేన్ని గమనించాలో నువ్వే తేల్చుకోవాలి."

ఆదివారం కొత్త రాయి వచ్చింది. నాయన రంగు గిన్నె అందుకున్నాడు.

"అప్పుడే గీయొద్దు నాయనా."

"ఏందీ?"

"బొమ్మ ఉంటే నా కన్ను దాని మీదికే పోతాది. మొన్న అట్లనే అయింది. ముందు ఉత్త రాయిని చూస్తా. ఈ ఒక్కసారి."

నాయన రంగు గిన్నె కింద పెట్టాడు. నీళ్ల చెంబు ఆమె చేతికిచ్చాడు.

అంబిక నీళ్లు పోసి కూర్చుంది. రాయి మీద తెల్ల మచ్చలున్నాయి, గాట్లున్నాయి. వాటిని వదిలేసి తడినే చూసింది. ఎండకు రాయి మెల్లగా తెల్లబడింది.

"ఆరిపాయ గదా. ఇంగా ఏం చూస్తాండావ్?" అన్నాడు అభిషేక్.

ఆమె తల తిప్పలేదు. కింది అంచు దగ్గర వెంట్రుకంత నల్లని గీత మిగిలింది. దాని మీద వేలు పెట్టింది.

"ఈడ, నాయనా."

నాయన వంగి చూశాడు. రంగు గిన్నె ఆమె ముందుకు జరిపాడు.

అంబిక కుంచె ముంచి పగులు పక్కన గుర్తు పెట్టింది. తర్వాత ఖాళీ చెంబు అన్న చేతికిచ్చింది.

"ఇంగో చెంబు తేపో. ఆ పక్క ఇంగా చూడలే."