తేదీ లేని సంతకం

పొయ్యి మీద కాఫీ పొంగి వంటిల్లంతా వాసన కమ్మింది. ఫిలొమెనా కప్పు తెచ్చి ముందు పెట్టగానే కోడలు ఎన్రికా ముక్కు మూసుకుని సింకు దగ్గరకు పరుగెత్తింది. ఇంకో అత్తగారైతే ఆ వేళే మేరీమాత ముందు కొవ్వొత్తి వెలిగించేది. ఫిలొమెనాకు మాత్రం గుండెల్లో రాయి పడింది.

"ఎవరికైనా చెప్పావా?" అంది.

"లేదత్తయ్యా. మూడో నెల దాటాక చెబుదామనుకున్నా. మీ అబ్బాయికే ఇంకా తెలీదు."

కొడుకు సవేరియో లారీ తోలుకుంటూ జర్మనీ వెళ్ళాడు. అత్తాకోడళ్ళు పనిచేసేది ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో. ఎన్రికాది కుట్టుపని, ఫిలొమెనాది ఆఫీసులో టైపు పని. వదులు గౌను వేసుకో, ఆవిరి ఇస్త్రీ వైపు పోకు, ఎవరితోనూ నోరు విప్పకు అని దారి పొడవునా కోడలికి నూరిపోసింది.

ఆ భయానికి కారణముంది. చేరిన రోజే ప్రతి ఆడపిల్లా ఒక తెల్లకాగితం అడుగున సంతకం పెట్టడం ఆ ఫ్యాక్టరీ ఆనవాయితీ. కడుపుతో ఉన్నదాన్ని తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదు కదా. అందుకని, నెల తప్పిందని తెలిసిన రోజున, ఆ సంతకం పైన "వ్యక్తిగత కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని టైపు చేసి తేదీ వేసేవారు. వేసేది ఫిలొమెనాయే. ఆ సాయంత్రం యజమాని పెత్రెల్లి ఆ పిల్ల ఇంటికి బంగారు రంగు రిబ్బను కట్టిన మిఠాయి డబ్బా పంపేవాడు. ఏ గుమ్మంలోనైనా ఆ డబ్బా కనబడితే వీధిలో ఆడవాళ్ళు గొంతులు తగ్గించుకునేవారు.

ఇలాంటి కబురు దాగుతుందా? మధ్యాహ్నం కాకముందే ఎన్రికా మిషను మీద సోలిపోయింది. కాసేపటికి పెత్రెల్లి ఫిలొమెనాను గదిలోకి పిలిచాడు. ఆయన నవ్వుతున్నాడు.

"నాయనమ్మవి కాబోతున్నావట. చాలా సంతోషం. మన మనిషివి కాబట్టి డబ్బా నువ్వే పట్టుకెళ్ళు. కాగితం మీద సోమవారం తేదీ వెయ్యి."

"అలాగేనండి," అంది ఫిలొమెనా. బయటకొచ్చి ఆ సంతకాల కాగితాలు దాచే పచ్చ ఫైలు తీసింది. కోడలి కాగితం ఒక్కటి తియ్యాల్సింది, ఫైలు మొత్తం సంచిలో పెట్టుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు.

సాయంత్రం బల్ల మీద డబ్బా చూసి ఎన్రికా మొహంలో నెత్తుటిచుక్క లేకుండా పోయింది.

"తెచ్చేశారన్నమాట," అంది. "అందరూ పెట్టేదేలే, పెట్టమ్మా అని ఆవేళ నాచేత సంతకం పెట్టించిందీ మీరే."

"నా చేతిలో ఏముందే? ఆయన చెబుతాడు, నేను కొడతాను."

"నున్సియాకీ ఇలాగే చెప్పారా?"

ఫిలొమెనా కుర్చీలో కూలబడింది. అక్కడే కుట్టుపని చేసిన నున్సియా ఒకనాడు ఎత్తు కడుపుతో ఆఫీసు గుమ్మంలో నిలబడి, నేను రాయని ఉత్తరం ఎవరు రాశారని అడిగింది. ఆ రోజు ఫిలొమెనా టైపు మిషను మీంచి తల ఎత్తలేదు. ఇప్పుడు నున్సియా ఇంటింటా మెట్లు కడుగుతోంది. ఎదురుపడితే వీధి దాటి అవతలికి పోతుంది. తన దాకా వస్తే గాని నొప్పి తెలియలేదు కదా అనుకునేసరికి ఫిలొమెనా కళ్ళు నిండాయి.

ఆమె లేచి పచ్చ ఫైలు తీసింది. కాగితాలు ఒక్కొక్కటే పొయ్యి మీద అంటించి సింకులో పడేసింది. అన్నిటికంటే ముందు కాలింది ఎన్రికా సంతకం.

"మళ్ళీ పెట్టించుకుంటాడు అత్తయ్యా. మిమ్మల్నీ వదలడు."

"వదలడు. ఆడది నోరు తెరిస్తే ఎంత దూరమైనా పోతాడు, చూశాను. అయినా ఇక ఆ మిషను ముందు నేను కూర్చోను. నీకు మాత్రం చట్టం ఉంది. సోమవారం వెళ్ళి నీ చోట నువ్వు కూర్చో, ఎవరు లేవమన్నా లేవకు."

ఎందరికో రాజీనామాలు కొట్టిన మనిషి తనది రాయడానికి తడబడింది. "గౌరవనీయులైన పెత్రెల్లి గారికి" అని మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ "వ్యక్తిగత కారణాల వల్ల" అని పడితే అడ్డంగా కొట్టేసింది. "ఇతరుల సంతకాల మీద ఇకపై తేదీలు వేయలేను గనుక నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను" అని రాసి, సంతకం పెట్టి, ముడి విప్పని మిఠాయి డబ్బా మీద పెట్టింది. సోమవారం రెండూ యజమానికి ఇచ్చెయ్యమంది.

ఎన్రికా ఉత్తరం తీసి చదివింది. చదువుతూ చదువుతూ అత్తగారి భుజం పట్టుకుంది.

"అత్తయ్యా, తేదీ వెయ్యలేదు."

ఫిలొమెనా వంగి చూసింది. నిజమే, ఆ చోటు ఖాళీగా ఉంది. ఏడుస్తూనే కలం అందుకుని, తన పేరు పక్కన తన చేత్తో తేదీ వేసింది.