తెల్లజూలు కనుమ కింద తిరిగిన కుండ

తెల్లజూలు కనుమ కింద ఒక రాతి గుడిసె ఉంది. పైకప్పు సగమే మిగిలింది. మా నజిగు ఊళ్లో కంచర గాడిదలు తోలేవాళ్లెవరూ దాని పేరెత్తరు. "ఆ పైది" అంటారు, అంతే.

ఊరి నుంచి గుడిసెకి తొమ్మిది గంటల నడక. అక్కడి నుంచి కనుమకి ఇంకో మూడు. మధ్యాహ్నం దాటిందంటే కనుమ మీద గాలి మనిషిని నిలబడనివ్వదు. ఎలా లెక్కేసినా ఒక రాత్రి ఆ గుడిసెలో పడుకోవాల్సిందే... ఇష్టమున్నా లేకపోయినా.

దానికి చెడ్డపేరు ఎందుకంటే — అక్కడ రాత్రిపూట కుండ తిరుగుతుంది.

తోలేవాళ్ల రాగి కుండకి ఒక పక్క ముక్కు ఉంటుంది, టీ పోసుకోవడానికి. మజిలీలో మూడు రాళ్ల మీద కుండ పెట్టేటప్పుడు ఆ ముక్కు రేపు వెళ్లే దారివైపు చూడాలి. పెట్టాక ఎవరూ కదపకూడదు. తెల్లారి చూస్తే ముక్కు ఇంటివైపు తిరిగి ఉందా... ఆ గుంపు ఇక ముందుకు వెళ్లదు. ఎందుకని ఎవరూ అడగరు. దారిలో ఉండగా పడిపోవడం, చావడం లాంటి మాటలు నోటితో అనకూడదు కదా. చెప్పాల్సింది కుండే చెబుతుంది.

ముసలివాళ్లందరినీ అడిగి లెక్క తీశాను. వాళ్లకి గుర్తున్నంతలో పదకొండుసార్లు తిరిగింది. తొమ్మిది గుంపులు వెనక్కి వచ్చేశాయి. రెండు గుంపులు మాత్రం కుండని పట్టించుకోకుండా వెళ్లాయి. అవి కనుమ అవతలికి చేరలేదు... ఇవతలికీ రాలేదు.

ఇది పన్నెండోది. షియాలాన్ నాకు చెప్పింది.

షియాలాన్‌కి ఇరవై ఆరేళ్లు. సొరంగం పడి లారీలు నడవడం మొదలయ్యాక ఊళ్లో కంచరలకి పని లేకుండా పోయింది. ఆమె మాత్రం వాళ్ల నాన్న వదిలి వెళ్లిన మూడింటినీ పెట్టుకుని, పాత కంచరదారి మీద నడవాలని సరదాపడే పట్నం వాళ్లని కనుమ దాటిస్తానంది. ఫోన్లో వాళ్లతో మాట్లాడి తేదీలు కుదిర్చేవాణ్ణి నేను. మేమింకా ఒక్కరినీ దాటించలేదు.

వాళ్లన్న గువోచాంగ్‌కి ఇదంతా నవ్వులాట. మాంసానికి జంతువుల్ని కొనే బియాన్‌తో అప్పటికే మాట అనేసుకున్నాడు.

"ఒక్కణ్ణి దాటించి చూపించవే," అన్నాడు చెల్లెలితో. "దాటిస్తే మూడూ నీవి. మధ్యలోంచి తిరిగొచ్చావా, ఆదివారం బియాన్ లారీ ఎక్కుతాయి."

"మాట మీద ఉంటావా అన్నా?"

"నేనెప్పుడు లేను?"

"ఎప్పుడున్నావో చెప్పు, అది తేలిక," అంది షియాలాన్.

గురువారం పొద్దున బయలుదేరారు. ముగ్గురే మనుషులు. షియాలాన్, చెంగ్డూ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి తావ్, కంచరల వెనక నడవడానికి మూ తాత. అరవై ఎనిమిదేళ్ల మూ తాతకి ఆ దారిలో ప్రతి రాయీ తెలుసు. కానీ పిలవకుండానే వచ్చాడు. గువోచాంగ్ పంపించాడని ఊరంతా చెప్పుకున్నారు.

"నిన్ను మా అన్న పంపాడా తాతా?" దారిలో అడిగేసింది షియాలాన్.

"నా కాళ్లు పంపాయి. ఇంట్లో కూర్చుంటే తుప్పు పడుతున్నాయి."

ఆమె నమ్మలేదు. దారి పొడవునా అతన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది.

చీకటి పడే వేళకి గుడిసె చేరారు. తావ్‌కి ఎత్తు పడలేదు, తల పగిలిపోతోందన్నాడు. రెండు ముద్దలు కూడా తినలేక దుప్పటి సంచిలో దూరి గొంతుదాకా జిప్ లాగేసుకున్నాడు. షియాలాన్ కుండనిండా నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. తెల్లారుజాము టీకి. ముక్కు కనుమవైపు సరిగ్గా తిప్పి, మూ తాతకి చూపించింది.

"చూశావుగా?"

"చూశాను."

"రేపు పొద్దున కూడా ఇలాగే ఉండాలి."

మూ తాత నిప్పు మీద బూడిద కప్పి, గోడ పక్కన ఒరిగాడు.

గాలి లేదు. బయట కంచరల మెడగంటలు ఒక్కోసారి టింగుమంటున్నాయి... ఆగిపోతున్నాయి. షియాలాన్‌కి ఎప్పుడు కన్ను అంటుకుందో తెలీదు.

గీరుకున్న చప్పుడు.

రాయి మీద రాగి... మెల్లగా... మళ్లీ మెల్లగా.

షియాలాన్ కళ్లు తెరిచింది. ఫోన్‌లో టైము మూడుంపావు. బూడిద కింద ఎర్రగా ఉన్న నిప్పు వెలుగులో ఒక మనిషి ఆకారం పొయ్యి మీదికి వంగి ఉంది. చేతులు రెండూ కుండ మీద ఉన్నాయి.

ఒక్క గంతులో వెళ్లి అతని మణికట్టు పట్టుకుంది. టార్చి వేసింది.

మూ తాత.

"దొరికావు," అంది పళ్లు బిగించి. గట్టిగా కూడా అనలేదు. "ఎంతకి ఒప్పుకున్నావు తాతా? మా నాన్నతో ఇరవై ఏళ్లు నడిచావు. ఆయన కంచరల్ని కత్తికి పంపడానికి నీకు చేతులెలా వచ్చాయి?"

"ఆగవే..."

"ముక్కు వెనక్కి తిప్పుతున్నావు. నా కళ్లతో చూశాను."

"సరిగ్గా చూడు," అన్నాడు మూ తాత. "ఎటు తిప్పుతున్నానో చూడు."

ఆమె టార్చి కుండ మీద వేసింది. ముక్కు సగం తిరిగి ఆగింది. రాళ్ల మీది బూడిదలో కుండ అడుగు గీసిన గీత ఉంది — ఇంటివైపు నుంచి కనుమవైపుకి.

"ముందుకి తిప్పుతున్నాను పిల్లా. నువ్వు లేచి చూసి భయపడతావని... ఇది మూడోసారి."

"ఏది మూడోసారి?"

"వెనక్కి తిరగడం. పదిన్నరకి ఒకసారి చూశాను, సరిచేశాను. ఒంటిగంటకి మళ్లీ. ఇప్పుడు మళ్లీ."

షియాలాన్ అతని మణికట్టు వదిలేసింది. మూడు అన్న మాట వినగానే ఆమె ఒళ్లు చల్లబడిపోయిందట.

"అబద్ధం."

మూ తాత రెండు చేతులూ చాపాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఒక చేతికి తోలు లేచిపోయింది. నిప్పు మీద ఉన్న రాగి కుండని, కంగారులో, వట్టి చేతులతో మూడుసార్లు పట్టుకున్న చేతులు.

"అబద్ధం ఆడేవాడు చేతులు కాల్చుకుంటాడా?" అన్నాడు. "మీ ఇద్దరి చేతులూ చూపించండి."

తావ్‌ని లేపారు. పాపం, సంచి జిప్ తీసుకోవడానికే అతనికి వేళ్లు ఆడలేదు. "ఏమైందండీ? తెల్లారిందా? నేను రాలేను, నన్నిక్కడే పాతిపెట్టండి," అన్నాడు మూలుగుతూ.

"ఆ మాట అనకండి!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

అతని చేతులు పసిపిల్లాడి చేతుల్లా ఉన్నాయి. షియాలాన్ చేతుల మీదా ఒక్క మచ్చ లేదు.

ముగ్గురూ కుండకేసి చూస్తూ కూర్చున్నారు. తెల్లారేదాకా అది కదల్లేదు. తెల్లారాక షియాలాన్ లేచి కంచరల్ని ఇంటివైపు మళ్లించింది.

ఆ రోజు కనుమ మీద పిడికెడు మబ్బు కూడా లేదు. నీలంగా, నిర్మలంగా... వెక్కిరిస్తున్నట్టు.

సాయంత్రం ఊరి మొదట్లోనే గువోచాంగ్ ఎదురొచ్చాడు, చంకలో బార్లీ సారా జాడీతో. చెల్లెల్ని పలకరించనైనా లేదు. జాడీ తీసుకెళ్లి మూ తాత చేతుల్లో పెట్టబోయాడు.

"పెద్దవాడివి అనిపించుకున్నావు! ఒక్కసారి తిప్పి రమ్మంటే మూడుసార్లు తిప్పావటగా. కుండ మూడుసార్లు తిరిగిందని తావ్ ఇందాక దారిలోంచి ఊరికి ఫోన్ చేసి చెప్పాడులే."

షియాలాన్ మూ తాతవైపు తిరిగింది. ఆ చూపుకి అతను తల దించేశాడు.

"తిప్పడానికే వెళ్లాను పిల్లా. అబద్ధమెందుకు," అన్నాడు. "పదిన్నరకి మెల్లగా లేచాను. చెయ్యి వెయ్యబోయేసరికి... అది అప్పటికే తిరిగి ఉంది. నా పని ఇంకెవరో చేస్తున్నారని భయమేసింది. అందుకే సరిచేశాను." జాడీని గువోచాంగ్ వైపు తోసేశాడు. "నువ్వే ఉంచుకో. నేను తిప్పలేదు."

గువోచాంగ్ నవ్వు సగంలో ఆగిపోయింది. "తమాషా చేస్తున్నావా?"

మూ తాత చేతులు చూపించాడు.

ఆదివారం లారీ వచ్చింది. బియాన్ కూడా ఒకప్పుడు కంచరలు తోలినవాడే. పగ్గం అందుకోవడానికి చెయ్యి చాపి, ఎవరో చెవిలో వేసిన మాటకి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కుండ తిరిగిన గుంపా?"

"పాతకాలపు మాటలు..." గువోచాంగ్ నసిగాడు.

"ఆ గుంపులో జంతువుని నా లారీ ఎక్కించను. దాని వెనక ఏం వస్తుందో నాకు తెలీదు. ఊరికే ఇచ్చినా వద్దు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ వద్దు."

లారీ ఖాళీగా వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి గువోచాంగ్ ఆ కంచరల కొట్టం ఛాయలకే రాలేదు.

ఇక్కడ నాకు అనుమానం వచ్చింది. అన్న గెలవాల్సిన పందెం అది, గెలిచాడు కూడా. అయినా కంచరలు దక్కింది షియాలాన్‌కి. కుండ తిరిగితే వాటిని ఎవరూ కొనరన్న సంగతి ఊళ్లో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు; గువోచాంగే అవి పాతకాలపు మాటలని కొట్టిపారేశాడు. కనుమ దాటించినా అన్న ఇంకో వంక వెతుకుతాడని ఆమెకి ఇంకా బాగా తెలుసు.

ఒక రోజు, కంచరలకి మేత వేస్తుంటే అడిగేశాను. "చేతులకి గుడ్డ చుట్టుకుంటే కాలదు కదా అక్కా?"

షియాలాన్ మేత వెయ్యడం ఆపింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఎవరికీ చెప్పకు," అంది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి.

"పది గంటలకి తిప్పింది నేనే. వాళ్లిద్దరూ కళ్లు మూసుకోగానే. నా తలగుడ్డతో పట్టుకుని తిప్పి, వచ్చి పడుకున్నాను. అంతే... ఇక లేవలేదు."

"మరి ఒంటిగంటకి? మూడుకి?"

షియాలాన్ చేతిలో మిగిలిన మేత కింద పెట్టేసింది.

"అదే నిన్ను అడుగుదామనుకున్నాను," అంది. "నీకు లెక్కలు బాగా వచ్చు కదా. గుడిసెలో ముగ్గురమే ఉన్నాం... చెప్పు."