చింతపండు పెట్టి తోమిన రెగ్యులేటర్

ఆ ఏడు ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సుల కంటే జెండాలే ఎక్కువగా తిరిగేవి. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె చేస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కి, ఒళ్లో గోనెసంచి పెట్టుకుని సగం శరీరం గాల్లోనే ప్రయాణం చేసి దిగిన తన్మయి, సగం షట్టర్ దించి ఉన్న ఒక దుకాణం ముందు వంగి లోపలికి చూసింది.

"ఎవరైనా ఉన్నారా అండీ?"

"బంద్ ఉంది మేడం. లోపలికొచ్చి మెల్లగ మాట్లాడున్రి," అంది లోపల్నించి ఒక గొంతు.

ఆ గొంతు లింగస్వామిది. మెకానికల్ డిప్లొమా చేసి, తండ్రి పెట్టిన గ్యాస్ సిలిండర్ల రిపేరు దుకాణంలో కూర్చున్నాడు. వెల్డింగ్ వాళ్ల సిలిండర్లు, దవాఖానల ఆక్సిజన్ మీటర్లు అతని లోకం. తన్మయి సంచిలోంచి తీసిన వస్తువు మాత్రం ఆ లోకంలోకి ఎన్నడూ రాలేదు. నాలుగు వైపులా రబ్బరు గొట్టాలు, నోట్లో కరుచుకునే ఒక ముక్క, మధ్యలో పచ్చగా చిలుము పట్టిన ఇత్తడి బుడిపె.

"గిదేంది మేడం, ఎండ్రికాయ తీరుగున్నది?"

"స్కూబా రెగ్యులేటర్. నీళ్లలో దిగినప్పుడు వీపు మీద సిలిండర్లోని గాలిని నోటికి అందిస్తుంది. మా నాన్నగారిది. నేవీలో డైవర్‌గా చేశారు. డిసెంబర్లో నన్ను తోడు తీసుకుని వైజాగ్ వెళ్లి మళ్లీ సముద్రంలో దిగుతారట, ఇదే పెట్టుకుని. కొత్తది కొందామంటే వినడం లేదు."

"బాగు చెయ్యాల్నా?"

"వద్దు. బాగుపడదని ఒక్క మాట చెప్పండి, చాలు. అప్పుడైనా దీన్ని వదిలేస్తారు."

లింగస్వామి ఆమెను చూశాడు, రెగ్యులేటర్‌ని చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. పనిపరంగా ఆ చివరి చూపు అవసరం లేదు.

"చూడకుంట ఎట్ల చెప్త? డాక్టర్ గూడ చెయ్యి పట్టుకోని చూసినంకనే చెప్తడు గద."

"చెయ్యి దాకా అక్కర్లేదు. రెగ్యులేటర్ చూడండి."

విప్పి చూశాడు. తల పంకించాడు. "రబ్బర్లు పోయినయి. స్ప్రింగులు మంచిగున్నయి. బాగైతది."

"అయ్యో!"

"బాగైతదంటే ఏడ్చే కస్టమర్‌ని ఇయ్యాలనే చూస్తున్న," అన్నాడు లింగస్వామి.

రబ్బర్లు చెన్నై నుంచి రావాలి. సమ్మెలో కొరియర్ కదలదు. తన్మయి వచ్చి అడిగేది, "వచ్చాయా?" అని. "రాలే," అనేవాడు. "హమ్మయ్య," అనేది. తండ్రి కోసం అన్న హమ్మయ్య ఎప్పుడు తన కోసం అయిందో ఆమెకే తెలియదు. ఊరు ఊరంతా ఆ సమ్మెతో పరేషాన్ అవుతుంటే, లోలోపల మురిసిపోయింది వీళ్లిద్దరే అయ్యుంటారు. ఇప్పుడు ఆ చౌరస్తాలో మెట్రో స్తంభాలు లేచాయి గానీ, అప్పట్లో వాన వస్తే తలదాచుకోవడానికి ఆ సగం షట్టరే దిక్కు.

ఒక సాయంత్రం అలాంటి వానలోనే అడిగింది. "మీవాళ్లు మమ్మల్ని పొమ్మంటున్నారట?"

"ఎవలన్నరో నాకెర్కలే. నేనైతే రోజూ రమ్మనే అంటున్న."

వాన వెంటనే తగ్గకపోవడం వాళ్ల అదృష్టం.

చివరికి రబ్బర్లు వచ్చాయి. తీరిగ్గా బిగిద్దామని లింగస్వామి రెగ్యులేటర్‌ని ఇంటికి తీసుకుపోయాడు. పొద్దున్నే అతని తల్లి తిరుపతమ్మ దాన్ని చూసింది. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన ఇల్లాలు. చిలుము పట్టిన ఇత్తడిని చూస్తూ ఊరుకోవడం ఆమె వంశంలో లేదు. కొడుకు స్నానం చేసి వచ్చేలోపు చింతపండు, బూడిద పెట్టి బిందెను తోమినట్టు తోమేసింది.

"పెద్దమనిషి సామాను గంత గలీజుగ ఇస్తార్రా?" అని పైగా కొడుకునే కోప్పడింది.

దుకాణంలో తళతళలాడుతున్న రెగ్యులేటర్‌ని చూసి తన్మయి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "పసుపు కుంకుమ కూడా పెట్టాల్సింది!"

లింగస్వామి నవ్వలేదు. వేలితో చూపించాడు. చిలుము పోయిన చోట, వెంట్రుకంత సన్నటి పగులు.

"ఇయ్యాల గాలి పెడితే ఆగుతది. నీళ్లల్ల ఎప్పుడు ఇడుస్తదో తెల్వది. నేను బిగియ్య."

తను కోరుకున్న మాటే. కానీ తన్మయికి సంతోషం రాలేదు. "నాన్న రోజూ బకెట్లో తల ముంచి ఊపిరి ప్రాక్టీస్ చేస్తున్నారండీ. మీ అమ్మగారు తోమడం వల్లే పగిలిందంటారు. మిమ్మల్ని మళ్లీ మా గుమ్మం ఎక్కనివ్వరు."

"ఇంతవరకు ఎక్కనే లే గద. పా, పోదాం."

దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాట్లో విశ్వేశ్వరరావు గారు ఆమె అన్నట్టే అందుకున్నారు. "ఎన్నో ఏళ్లు నన్ను ప్రాణాలతో పైకి తెచ్చిన వస్తువయ్యా ఇది! చింతపండు పెట్టి తోమిస్తావా? ఈ ఊళ్లో మేమే కాదు, మా సామాన్లూ ఉండకూడదా?"

"నాన్నా!"

"సామాను ఏ ఊరిదైతే ఏంది సార్? దిగినోళ్లు పైకి రావాలె," అన్నాడు లింగస్వామి. "మీ ఎనకనే మీ బిడ్డ దిగుతదంట. నేను బిగిచ్చి ఇయ్య. నన్ను తిట్టుకోండ్రి."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని పగులును గోరుతో మెల్లగా తడిమారు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"పగిలింది ఇదొక్కటే కాదు అమ్మడూ," అన్నారు చివరికి. "నా ఎడమ చెవి కూడా. డాక్టరు నిరుడే దిగొద్దన్నాడు. ఇది బాగుపడితే నేనూ బాగున్నట్టేనని నాకు నేను చెప్పుకున్నాను."

తన్మయి వెళ్లి ఆయన భుజం మీద తల పెట్టింది. "ముందే చెప్పొచ్చు కదా నాన్నా."

"చెబితే నువ్వూ మానేస్తావని." గొంతు సవరించుకున్నారు. "కొత్త సెట్లు రెండు కొందాం. నీళ్లలో ఒంటరిగా దిగకూడదు. ఒకరికి గాలి అయిపోతే రెండోవాళ్లు తమ గాలి ఇవ్వాలి. దిగితే నమ్మకస్తుడితోనే దిగాలి. తిట్లు పడతాయని తెలిసీ నిజం చెప్పేవాడితో." లింగస్వామి వైపు తిరిగారు. "ఏమోయ్, ఈతొచ్చా?"

"బాయిల నేర్చుకున్న సార్. నడుముకు సొరకాయ బుర్ర కట్టి మా నాయిన నూకిండు."

"మంచి గురువే. మిగతాది నేను నేర్పుతాను. ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకుని భోజనానికి రా. మాట్లాడాలి."

ఆ సంబరంలో లింగస్వామికి గుమ్మం దగ్గర చెప్పులు కూడా సరిగ్గా దొరకలేదు. దిగబెట్టడానికి తన్మయి మెట్ల దాకా వచ్చింది.

"సముద్రమంటే భయమా?"

"చూస్తే గద భయపడేది. ఇప్పటిదాంక చూడనే లే." రెండు మెట్లు దిగి ఆగాడు. "గాలి అయిపోతే రెండోవాళ్లు ఇయ్యాలన్నరు గద సార్. ఎట్లిస్తరు?"

"తన నోట్లోది తీసి ఎదుటివాళ్ల నోటికి ఇస్తారు. మళ్లీ తీసుకుంటారు. పైకి వచ్చేదాకా అలా మార్చుకుంటూనే ఉంటారు," అంది తన్మయి, పాఠం చెప్పే టీచరంత గంభీరంగా.

లింగస్వామి చెవులు ఎర్రబడ్డాయి. "గట్లనా... అయితే మెల్లగనే పైకొద్దాం."

"అమ్మడూ, ఇంకా మెట్ల మీదేనా?" అని పైనుంచి కేక.

"వస్తున్నా నాన్నా," అంది తన్మయి. కదల్లేదు.