అరవై ఎనిమిది నిమిషాల గాలియమ్

డాక్టర్ త్రినాథరావు హౌరా స్టేషన్లో సగం టీ తాగి చనిపోయాడు. మిగతా సగం లేబొరేటరీకి వెళ్లింది. రిపోర్టు ఒక్క ముక్కలో వచ్చింది: విషం.

1999 జూలై. మర్నాడు ఉదయం రాయగఢ్ స్టేషన్లో రమణబాబు టీటీ వేషానికి నల్లకోటు తొడుక్కుంటూ ఫోనెత్తాడు. అవతల గూఢచారి బ్యూరో చీఫ్.

"బొంబాయి మెయిల్ ఎక్కు. డాక్టర్ బొంబాయి ఆస్పత్రికి తెస్తున్న సీసపు కుండ ఇప్పుడు మన మాధవీలత దగ్గరుంది. జర్మేనియం జనరేటర్. పాలు పితికినట్టు పితికితే రేడియేషన్ ఉన్న గాలియమ్ వస్తుంది. ఒంట్లోకి ఎక్కిస్తే న్యూరోఎండోక్రైన్ అనే క్యాన్సర్ ట్యూమర్‌ని వెతుక్కుంటూ పోయి పట్టుకుంటుంది. PET కెమెరాలో ఆ చోటు వెలుగుతుంది."

"ఇండియమ్‌తోనూ కనిపిస్తుందిగా సర్?"

"మామూలు కెమెరాలో, మసకగా. చిన్నవి తప్పిపోతాయి. రెండూ ఒకే పేషెంట్ల మీద పోల్చి చూస్తూ వచ్చాడు డాక్టర్. పదకొండు మంది అయ్యారు. ఇండియమ్ అమ్ముకునే విదేశీ ముఠాకి ఈ పోలిక పూర్తికావడం ఇష్టం లేదు."

చీఫ్ కాయితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"పన్నెండో పేషెంట్ మీ అక్కయ్య. ఇండియమ్ స్కాన్లో ఏమీ కనబడలేదు. ఎల్లుండి గాలియమ్. చోటు తెలిస్తే ఆపరేషన్. తెలియకపోతే ఇంటికి పంపేస్తారు."

ఇంటికి అంటే చావడానికేనని రమణబాబుకి తెలుసు.

అమ్మ పోయాక అతన్ని పెంచింది అక్క కనకమహాలక్ష్మే, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో. పద్నాలుగేళ్ల క్రితం అక్కడి ఒకటో నంబర్ ప్లాట్‌ఫారం మీద పులిహోర పొట్లం చేతిలో పెట్టి, "చేరగానే ఉత్తరం రాయరా" అంది. ఉత్తరానికి బదులు అతను చనిపోయాడన్న టెలిగ్రామ్ చేరింది. బ్యూరోలో చేరాలంటే ముందు చావాలి.

ఏసీ కోచ్‌లో మాధవీలత ఒంటరిగా ఉంది. ముత్యాల రంగు చీర, నల్ల కళ్లద్దాలు. ఐదేళ్లుగా అతనితో కలిసి పనిచేసిన మనిషి.

"టికెట్ ప్లీజ్. గోల్ బజార్లో గులాబీలు దొరుకుతాయా మేడమ్?"

"గురువారం మాత్రమే."

కోడ్ సరిపోయింది. ఆమె బెర్తు కింద సీసపు కుండ చూపించింది. అతను అడక్కుండానే చిన్న సీసాలోకి కాస్త ద్రవం పితికింది. రమణబాబు జేబులోని పెన్ను తీసి దగ్గర పెట్టాడు. అది పెన్ను కాదు, రేడియేషన్ కౌంటర్. నాలుగు వందలు చూపించింది. టైమ్ ఆరూ పది.

"తాజా గాలియమ్," అంది. "అరవై ఎనిమిది నిమిషాలకి సగం చస్తుంది."

"మనకంటే నయం. మనం ఒకేసారి చస్తాం."

ఆమె నవ్వింది. అతను మిగతా కోచ్‌ల్లో టికెట్లు చూసి సరిగ్గా ఏడూ పద్దెనిమిదికి తిరిగి వచ్చాడు. ఆమెను నమ్మక కాదు. వేసిన తాళం మళ్లీ లాగి చూసే అలవాటు అక్క నుంచి వచ్చింది. పెన్ను సీసా దగ్గర పెట్టాడు.

మూడు వందల తొంభై అయిదు.

సగం చావాల్సింది చావలేదు. అరవై ఎనిమిది నిమిషాల్లో ఇంత కొంచెమే తగ్గేది ఇండియమ్. దాని సగం చావడానికి మూడు రోజులు కావాలి. అక్కకి ఇదే ఎక్కిస్తే కౌంటర్ టిక్కుటిక్కుమంటుంది, అందరూ నమ్ముతారు. కానీ ఇండియమ్ PET కెమెరాకి ఆనదు. తెర నల్లగా ఉంటుంది. గాలియమ్ పనికిరాదని రిపోర్టు రాస్తారు. అక్కని ఇంటికి పంపేస్తారు.

"అసలు కుండ ఎక్కడ లతా?"

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల రంగు లేదు, సన్నటి తుపాకీ గొట్టం ఉంది.

"ఈ బండిలోనే బొంబాయి చేరుతుంది. నువ్వే చేరవు."

"డాక్టర్‌కి టీ ఇచ్చింది నువ్వేనా?"

"పంచదార కూడా వేశాను."

స్టేషన్ చప్పుళ్లలో కాల్చాలని ఆమె ఆగింది; అరగంట అలాగే ఎదురెదురుగా కూర్చున్నారు. బిలాస్‌పూర్ దగ్గర బ్రేక్ పడి బండి కుదిపింది. అప్పుడే ఆమె కాల్చిన గుండు అతని గుండెకి కాక భుజానికి తగిలింది. ఇద్దరూ పెనుగులాడుతుండగానే బండి ఆగింది. అతన్ని తోసేసి ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది. ప్లాట్‌ఫారం చివర గార్డు బ్రేక్‌వ్యాన్ వైపు చూసి కొయ్యబారిపోయింది.

"ఆ పెట్టె ఎందుకు దించుతున్నారు!"

రమణబాబుకి అంతా అర్థమైంది. ప్రతి గార్డుకీ తన పేరు రాసిన ఇనప లైన్ బాక్స్ ఉంటుంది. జెండాలు, దీపం, ప్రమాద హెచ్చరికకి పట్టాల మీద పేల్చే టపాసులు అందులో. దాన్ని ఎవరూ సోదా చెయ్యరు. ముఠావాళ్లు ఈ గార్డు డ్యూటీ ఎక్కిన చక్రధర్‌పూర్‌లో దాని తాళం తీసి కుండని అందులో దాచారు, గార్డుకి తెలియకుండా. కానీ ఏ గార్డూ బొంబాయి దాకా పోడు. బిలాస్‌పూర్‌లో డ్యూటీ మారుతుంది. గార్డుతో పాటు అతని పెట్టె కూడా దిగుతుంది. రైల్వే క్వార్టర్లలో ఇది పసిపిల్లలకీ తెలుసు.

పెట్టె మోసే ముసలి అప్పలకొండ నడుం పట్టుకుని కేకలేస్తున్నాడు.

"ఏటి గార్డుబాబూ, ఇంట్లో రుబ్బురోలు ఎట్టీసినారేటి ఇందులో? ముప్పయ్యేళ్లనించి మోస్తన్నాను, ఇంత బరువెప్పుడూ నేదు!"

"నాకేం తెలుసయ్యా, జెండాలే ఉన్నాయి!"

మాధవీలత అప్పలకొండకి గురిపెట్టింది. రమణబాబు ఆమె చెయ్యి పైకి కొట్టాడు. గుండు రేకుల కప్పుకి తగిలింది. ఆమె బండి అవతలి వైపు పట్టాల మీదికి దూకింది. లాల్‌ఖదాన్ వైపు నుంచి బొగ్గు గూడ్సు వస్తోంది.

"లతా!"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆ ఒక్క క్షణంలో గూడ్సు ఆమె మీదుగా వెళ్లిపోయింది.

రమణబాబు కళ్లు మూసుకుని, తెరిచి, పెట్టె దగ్గరికి పరుగెత్తాడు. మూత తీస్తే జెండాల కింద కుండ, దాని మీద డాక్టర్ లక్క ముద్ర. అంతలో ఈల వేశారు. బండి కదిలింది. కుండ ఎత్తబోతే భుజం లేవలేదు. అప్పలకొండ రెండో వైపు పట్టాడు. పట్టి, అతని ముఖంలోకి చూశాడు.

"నువ్వు... కనకం తమ్ముడివి కావేటి? సచ్చిపోనావన్నారే!"

"కాదు. నేను టీటీని."

"టీటీబాబుకి నెత్తురోడతందేటి మరి?"

జవాబు చెప్పే టైమ్ లేదు. ప్లాట్‌ఫారం అయిపోయే చోట ఇద్దరూ కలిసి కుండని బ్రేక్‌వ్యాన్లోకి తోశారు. రమణబాబు కమ్మీ పట్టుకుని ఎక్కాడు. పద్నాలుగేళ్ల తర్వాత అదే ప్లాట్‌ఫారం మళ్లీ వెనక్కి పోయింది. ఈసారి చెయ్యి ఊపింది అప్పలకొండ ఒక్కడే.

మూడో రోజు బొంబాయి ఆస్పత్రిలో అద్దం వెనక నిలబడి అతను తెర చూశాడు. చిన్నపేగులో పెసరగింజంత చోట వెలుగు. అవతల బల్ల మీద అక్క పాదాలు మాత్రం కనబడుతున్నాయి. మడమలు పగిలి ఉన్నాయి. నాలుగు నిమిషాలు చూడనిచ్చారు.

వారం తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు.

"ఆపరేషన్ బాగా జరిగింది. వచ్చే నెల బిలాస్‌పూర్ వెళ్లగానే నీ తద్దినం పెట్టిస్తుందట మీ అక్కయ్య. నువ్వు బతికే ఉన్నావని అప్పలకొండ ఫోన్లో ఎంత చెప్పినా వినలేదట. నీకు సెలవు కావాలా?"

"దేనికి సర్?"

"భోజనానికి."