మూడోసారి అడగని యంత్రం

తెరమీద అక్షరాలు నిలిచాయి: "వెంటిలేటర్ వద్దు. నమ్మకం 96 శాతం."

విశాఖలోని ఆ ఆసుపత్రి ఐసీయూలో వరాలు స్పృహ లేకుండా పడివుంది. న్యుమోనియా రెండు ఊపిరితిత్తుల్నీ పట్టేసింది. వెంటిలేటర్ పెడితే ఇలాంటివాళ్ళు పదిమందిలో ఆరుగురు బతుకుతారని డ్యూటీ డాక్టర్ చెప్పాడు. ఆ లెక్క యంత్రానికీ ఇచ్చారు. అయినా వద్దంది.

యంత్రం పేరు 'సమ్మతి'. నోరు విప్పలేని రోగి తరఫున వైద్యం గురించి నిర్ణయం చెప్పడం దాని పని. అరచేతిలో పట్టే ఆ పెట్టె ఏడాదిపాటు మనిషి ఇంట్లోనే ఉంటుంది. తలనొప్పికి మాత్ర తెప్పించమంటారా, ఆటో పిలవమంటారా, ఇంకాసేపు పడుకుంటారా అని చిన్న చిన్న ప్రశ్నలు వేస్తుంది. ఆ జవాబుల్ని బట్టి, పెద్ద ప్రశ్న ఎదురైతే ఆ మనిషి ఏమంటాడో అంచనా కడుతుంది. కొత్త చట్టం ప్రకారం, ఒకసారి ప్రతినిధిగా నియమించుకున్నాక దాని మాటే చివరి మాట. కట్టుకున్నవాడికైనా మార్చే హక్కు లేదు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ మాధురీలతను పిలిపించారు. ఆమె డేటా అంతా తిరగేసి, లోపమేమీ లేదని వరాలు భర్త సూరిబాబుకి నెమ్మదిగా చెప్పింది. ఏడాదంతా అడిగిన ప్రశ్నల్లో నూటికి తొంభైకి వరాలు వద్దనే అంది.

సూరిబాబు సిటీబస్సు డ్రైవరు. ఖాకీ చొక్కాతోనే పరుగెత్తుకొచ్చాడు.

"అది ఎప్పుడూ అంతేనమ్మా. ఒకసారి అడిగితే వద్దంటుంది. రెండోసారీ వద్దంటుంది. మూడోసారి కంచంలో వడ్డించేస్తే తింటుంది. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా మొదట వద్దనే అంది."

కీబోర్డు మీద మాధురీలత వేళ్ళు ఆగిపోయాయి. అడిగిందే అడిగితే జనం విసుక్కుంటారని, ప్రతి ప్రశ్నా ఒక్కసారే వేసేట్టు ప్రోగ్రాం రాసింది తనే.

యంత్రాన్ని మళ్ళీ అడగమన్నాడు సూరిబాబు. మాధురీలత అడిగింది. వద్దు, 98 శాతం. మూడోసారి అడిగింది. వద్దు, 99. ఒకే జవాబు తిరిగొచ్చేకొద్దీ యంత్రం దాన్ని మరో రుజువుగా లెక్కేసుకుంటోంది.

"ఈ పెట్టె తీసుకున్న రోజు మా వరాలుతో మాట్లాడింది మీరేనా?"

"నేనే. ప్రతినిధిగా మీ ఆయన్ని పెట్టుకుంటారా అనే మొదట అడిగాను. వద్దండి, పాపం ఆయనకెందుకా బాధ, అంది."

"ఎన్నిసార్లు అడిగారు?"

"ఒక్కసారే," అంది ఆమె.

తర్వాత ఆమె ఆసుపత్రి పెద్దలకీ, లాయరుకీ, తెలిసిన అధికారులందరికీ ఫోన్లు చేసింది. తన యంత్రం తప్పని తనే వాదించింది. అందరూ సానుభూతిగానే విన్నారు. రోగి తెలివిలో ఉండగా తీసుకున్న నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. ఈలోగా వరాలు ఊపిరి ఒక్కో మెట్టూ దిగిపోయింది. మధ్యాహ్నానికి నర్సు వచ్చి మానిటర్ ఆపేసింది.

సూరిబాబు వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. మాధురీలత క్యాంటీన్ నుంచి టీ తెచ్చి, తాగమంది.

"వద్దమ్మా."

మళ్ళీ అడిగింది. వద్దన్నాడు. మూడోసారీ అడిగింది. వద్దనే అన్నాడు.

అది నిజంగా వద్దో, ఇంకోసారి అడగాలో ఆమెకి తెలియలేదు. గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.